విదేశీ సరుకు: ఫ్యాక్టరీ గేటు నుంచి హైదరాబాద్ గోడౌన్ దాకా ఫ్రైట్ (రవాణా) ఖర్చు తగ్గించుకోవడం ఎలా

"సీబీఎంకి ఎంత పడుతుంది?" బేగంబజార్ వ్యాపారి ఫార్వర్డర్‌కి ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ఇదే. సీబీఎం అంటే ఘనపు మీటరు, ఫార్వర్డర్ అంటే సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఏజెంటు. రాణీగంజ్‌లో మెషినరీ దించేవాళ్లూ, ట్రూప్‌బజార్‌లో లైట్లు అమ్మేవాళ్లూ అడిగేదీ ఇదే. జవాబుగా వచ్చే అంకె సముద్ర ప్రయాణానికి మాత్రమే. హైదరాబాద్‌కి సముద్రం లేదు. చెన్నైలో దింపినా, విశాఖలో దింపినా, ముంబై దగ్గరి నవా శేవాలో దింపినా ఇంకో ఆరేడు వందల కిలోమీటర్లు మిగిలే ఉంటాయి. పైగా లాభం కరిగిపోయేది ఎక్కువగా సరుకు ఓడ ఎక్కకముందు, దిగిన తర్వాత. అందుకే ఓడ రేటు బేరం గురించి ఇక్కడ తక్కువే చెబుతాను. ఉదాహరణలు చైనా దిగుమతులవి ఎక్కువ ఉంటాయి, పద్ధతి మాత్రం ఎక్కడి నుంచి తెప్పించినా ఒకటే.

మొదటి మెట్టు: ఖర్చును ముక్కలు చేసి రాసుకోండి

ఎక్సెల్‌లోనో కాగితం మీదో ఈ వరుసలో గళ్లు గీయండి: ఫ్యాక్టరీ నుంచి అక్కడి పోర్టుకి లారీ, అక్కడి కస్టమ్స్, పోర్టు ఖర్చులు, సముద్ర ఫ్రైట్, ఫ్రైట్ మీద వేసే సర్‌ఛార్జీలు, ఇన్సూరెన్స్, మన పోర్టులో టెర్మినల్ హ్యాండ్లింగ్, సీఎఫ్‌ఎస్ (పోర్టు దగ్గర కంటైనర్ తెరిచి సరుకు ఉంచే గోడౌన్) ఖర్చులు, డెలివరీ ఆర్డర్ (సరుకు మనకి అప్పగించమనే కాగితం) ఛార్జీ, సీహెచ్‌ఏ (కస్టమ్స్ పని చేసిపెట్టే ఏజెంటు) ఫీజు, డ్యూటీ, హైదరాబాద్ దాకా రైలు లేదా లారీ, గోడౌన్‌లో దింపుడు కూలి, ఖాళీ కంటైనర్ వాపసు. చివర్లో ఇంకో గడి: ఆలస్యమైతే రోజుకి ఎంత.

పాత కన్‌సైన్‌మెంట్ బిల్లులు తీసి ఈ గళ్లు ఒకసారి నింపండి. ఏ గడిలో బరువుందో కళ్లకు కడుతుంది. చిన్న ఎల్‌సీఎల్ సరుకుల్లో (వేరే వాళ్లదాంతో కలిపి ఒకే కంటైనర్‌లో వచ్చేవాటిలో) మన వైపు ఖర్చులన్నీ కలిపితే సముద్ర ఫ్రైట్‌ని మించిపోవడం మామూలే. ఆ గళ్లను వదిలేసి ఫ్రైట్ మీద ఐదు డాలర్లు తగ్గించమని గంటసేపు వాదిస్తే ఒరిగేదేమీ లేదు.

రెండో మెట్టు: ఓడ ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకోండి

ఇన్‌కోటర్మ్స్ 2020 (ఏ ఖర్చు కొనేవాళ్లది, ఏది అమ్మేవాళ్లది అని చెప్పే అంతర్జాతీయ నియమాలు) ప్రకారం 11 పద్ధతులున్నాయి. మనకు రోజూ తగిలేవి నాలుగు. ఎక్స్‌వర్క్స్ అంటే ఫ్యాక్టరీ గేటు దగ్గరి నుంచే బాధ్యత మనది. ఎఫ్‌ఓబీ అంటే సరుకుని అక్కడి పోర్టులో ఓడ మీదికి ఎక్కించేదాకా వాళ్లది, తర్వాత మనది. సీఐఎఫ్ అంటే మన పోర్టు దాకా ఫ్రైట్, ఇన్సూరెన్స్ వాళ్లు కడతారు. డీడీపీ అంటే డ్యూటీతో సహా అన్నీ వాళ్లే చూసి గుమ్మం దగ్గరికి తెచ్చి ఇస్తామంటారు.

కొత్తవాళ్లకి సీఐఎఫ్ సుఖంగా కనిపిస్తుంది. ఎల్‌సీఎల్‌లో అసలు ఉచ్చు అక్కడే ఉంది. చైనా పోర్టుల్లో కన్సాలిడేటర్లు (పలువురి సరుకు కలిపి కంటైనర్ నింపేవాళ్లు) సరుకు కోసం పోటీపడి సున్నా రేటుకి, ఒక్కోసారి సీబీఎంకి ఇంత అని ఎదురిచ్చి మరీ బుకింగ్ తీసుకుంటారు. ఆ లోటుని ఇక్కడి ఏజెంటు మన దగ్గర రాబడతాడు. చెన్నైలో సరుకు దిగాక వచ్చే బిల్లులో ఎప్పుడూ వినని పేర్లతో ఓ అరడజను ఛార్జీలుంటాయి. డెలివరీ ఆర్డర్ అతని చేతిలో ఉంటుంది, సీఎఫ్‌ఎస్‌లో అద్దె రోజురోజుకీ పెరుగుతుంటుంది. ఇక బేరమాడేది ఎవరితో? అందుకని సప్లయర్ సీఐఎఫ్ రేటు చూపించి "ఫ్రైట్ దాదాపు ఫ్రీ" అన్నాడంటే సంతోషించకండి, జాగ్రత్తపడండి.

నేనైతే ఎఫ్‌ఓబీయే అడగమంటాను. సప్లయర్‌ని ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ రెండు ధరలూ విడివిడిగా అడిగి, తేడా ఎంతో చూడండి. ఆ తేడాకి ఎదురుగా మీ ఫార్వర్డర్ ఇచ్చిన కొటేషన్‌ని మన వైపు ఖర్చులన్నిటితో కలిపి పెట్టండి. సీఐఎఫ్ తప్పదనుకుంటే, ఇండియాలో డెలివరీ ఏజెంటు ఎవరు, అతని ఛార్జీల పట్టిక ఏమిటి అన్నది అడ్వాన్స్ పంపకముందే మెయిల్‌లో తెప్పించుకోండి. అడ్వాన్స్ వెళ్లాక సప్లయర్ చెప్పే జవాబుకి పెద్ద విలువుండదు.

ఎక్స్‌వర్క్స్ ధర చూడటానికి తక్కువే. కానీ అక్కడి లారీ, ఎగుమతి కస్టమ్స్ మన నెత్తిన పడతాయి. అక్కడ సొంత ఆఫీసున్న ఫార్వర్డర్ దొరికితే తప్ప దాని జోలికి పోవద్దు.

మూడో మెట్టు: పెట్టె కొలతలు

ఫ్రైట్ వాళ్లకి మనం కట్టేది ఎక్కువసార్లు గాలికి. ఎల్‌సీఎల్‌లో ఒక సీబీఎంని ఒక టన్నుతో సమానంగా తీసుకుని, మన సరుకు సీబీఎంలు, టన్నుల్లో ఏ అంకె ఎక్కువైతే దాని మీద రేటు వేస్తారు. ఉదాహరణకి అట్టపెట్టె 60 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు ఉందనుకోండి. అంటే 0.096 సీబీఎం. 150 పెట్టెలకి 14.4 సీబీఎం. లోపల పైభాగంలో ఖాళీ చూసి ఎత్తుని 35కి తగ్గించమంటే 12.6 సీబీఎంకి దిగుతుంది. ఒక్క మెయిల్‌తో దాదాపు ఎనిమిదో వంతు తగ్గినట్టే.

ఆర్డర్ ఖాయం చేసేముందే కార్టన్ కొలతలు, ఒక్కో కార్టన్‌లో ఎన్ని పీసులు, మొత్తం బరువు అడగండి. గిన్నెలు, బకెట్లు, కుర్చీలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా పెట్టించండి. ఫర్నిచర్ విడిభాగాలుగా తెప్పించండి, బిగించడానికి ఇక్కడ మనుషులు దొరుకుతారు. రంగురంగుల రిటైల్ డబ్బాలు మడిచి విడిగా పంపిస్తారేమో అడగండి. పగిలిపోయే వస్తువులకి మాత్రం పెట్టె మందం తగ్గించవద్దు.

ప్యాలెట్ కావాలా వద్దా అన్నది తేల్చండి. ప్యాలెట్ దాదాపు 15 సెం.మీ. ఎత్తు తింటుంది, చుట్టూ చోటు కూడా పోతుంది. కూలీలు చేత్తో దింపగల పెట్టెలైతే కంటైనర్ నేల మీదే పేర్పించండి. చెక్క ప్యాలెట్ తప్పదంటే దాని మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కని పురుగుల్లేకుండా శుద్ధి చేశారనే గుర్తు) ఉండాలి. అది లేకపోతే ఇక్కడ క్వారంటైన్ వాళ్ల దగ్గర ఆగుతుంది, మందు పొగ పట్టించే ఖర్చూ ఆలస్యమూ మనవే.

నాలుగో మెట్టు: ఎల్‌సీఎల్ నుంచి ఫుల్ కంటైనర్‌కి ఎప్పుడు మారాలి

పేరుకి 20 అడుగుల కంటైనర్ 33 సీబీఎం. నిజంగా పట్టేది 25 నుంచి 28. 40 అడుగులదైతే 54 నుంచి 58, ఎత్తు ఎక్కువుండే 40 హైక్యూబ్ అయితే 65 నుంచి 68 దాకా. 40 అడుగుల ఫ్రైట్ 20 అడుగులదానికి రెట్టింపు ఉండటం అరుదు. హైక్యూబ్‌కీ మామూలు 40కీ తేడా సాధారణంగా బహు స్వల్పం. కాబట్టి ఎల్‌ఈడీ లైట్లు, ప్లాస్టిక్ సామాన్లు, బొమ్మల్లాంటి తేలిక సరుకుకి హైక్యూబ్. టైల్స్, ఇనుప ఫిట్టింగుల్లాంటి బరువు సరుకుకి 20 అడుగులది, ఎందుకంటే చోటు మిగిలి ఉండగానే బరువు పరిమితి దగ్గరపడుతుంది.

సరుకు 13 నుంచి 15 సీబీఎం మధ్యకి వచ్చిందంటే 20 అడుగుల ఫుల్ కంటైనర్ కొటేషన్ కూడా తెప్పించండి. సగం ఖాళీగా వచ్చినా మొత్తం మీద చవకగా తేలే సందర్భాలు చాలా ఉంటాయి. సీఎఫ్‌ఎస్‌లో మన సరుకుని వేరే వాళ్లదాంతో కలిపి తీసే, ఎత్తే ఖర్చులు పోతాయి. ఇంకొకరి సరుకు కస్టమ్స్ దగ్గర చిక్కుకుంటే మనదీ ఆగుతుందనే టెన్షన్ ఉండదు.

ముగ్గురు నలుగురు సప్లయర్ల దగ్గర కొనేవాళ్లకి ఇంకో దారుంది. అందరి సరుకునీ చైనాలో ఫార్వర్డర్ గోడౌన్‌కి చేర్పించి, మీ పేరు మీదే ఒక కంటైనర్ నింపించడం. ఈవూ మార్కెట్ నుంచి కొనేవాళ్లు నింగ్‌బో పోర్టు ద్వారా ఇలాగే చేస్తారు. అయితే ఒక్క సప్లయర్ ఇన్‌వాయిస్ తప్పున్నా మొత్తం కంటైనర్ ఆగుతుంది. కొత్త సప్లయర్ సరుకునీ, పరీక్షలు, లైసెన్సులు కావాల్సిన సరుకునీ ఇందులో కలపకండి.

ఐదో మెట్టు: ఏ పోర్టు, ఏ దారి

హైదరాబాద్ దిగుమతిదారుకి ఎంచుకోవడానికి చోటున్నది ఇక్కడే, అయినా చాలామంది "ఎప్పుడూ చెన్నైయే" అని ఊరుకుంటారు. చైనా, తూర్పు ఆసియా నుంచి వచ్చే సరుకుకి చెన్నై, విశాఖ దగ్గర. గల్ఫ్, యూరప్ నుంచి వచ్చేదానికి నవా శేవా, ముంద్రా వైపు ఓడలెక్కువ. ఓడలెక్కువుంటే పోటీ ఉంటుంది, అందుకని దూరం ఎక్కువైనా నవా శేవా రేటు చెన్నైకి పోటీగా నిలిచే రోజులుంటాయి. ప్రతిసారీ రెండు పోర్టులకి కొటేషన్ తీసుకోండి.

తర్వాతి ప్రశ్న కస్టమ్స్ క్లియరెన్స్ ఎక్కడ అని. సనత్‌నగర్‌లోనూ, షాద్‌నగర్ దారిలో తిమ్మాపూర్‌లోనూ ఐసీడీలు (పోర్టుకి దూరంగా, కస్టమ్స్ పని జరిగే కంటైనర్ డిపోలు) ఉన్నాయి. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదులో) చివరి డెలివరీ స్థలంగా హైదరాబాద్ ఐసీడీ అని రాయిస్తే, కంటైనర్ పోర్టు నుంచి సీలు తియ్యకుండానే ఇక్కడికి వస్తుంది, క్లియరెన్స్ ఇక్కడే జరుగుతుంది. మన సీహెచ్‌ఏ మన ఊళ్లోనే ఉంటాడు, కస్టమ్స్ వాళ్లు సరుకు తెరిచి చూస్తామంటే పక్కన నిలబడవచ్చు. ఖాళీ కంటైనర్ కూడా ఇక్కడి యార్డులోనే అప్పగించవచ్చు. ఇబ్బంది ఏమిటంటే, పోర్టులో రైలు రేక్ నిండేదాకా కొన్ని రోజులు ఆగాల్సి రావచ్చు.

పోర్టులోనే క్లియర్ చేసి లారీలో తెచ్చుకుంటే రోజులు కలిసొస్తాయి. కంటైనర్‌తో సహా తెస్తే ఖాళీది మళ్లీ చెన్నైకో ముంబైకో చేరాలి, ఆ తిరుగు ఖర్చు లారీ రేటులో కలిసే ఉంటుంది. అక్కడే సరుకు దింపి మామూలు లారీకి మారిస్తే ఆ ఖర్చు తప్పుతుంది కానీ ఎక్కించి దింపే కూలి, పగులుడు పెరుగుతాయి. అర్జెంటు కాని ఫుల్ కంటైనర్‌కి ఐసీడీ, పండగ దగ్గరపడ్డ సరుకుకి పోర్టు క్లియరెన్స్ అన్నది నా లెక్క. ఎల్‌సీఎల్‌ని నేరుగా హైదరాబాద్ ఐసీడీకి తెచ్చే కన్సాలిడేటర్లూ ఉన్నారు, అడిగి చూడండి.

చివరి పాతిక కిలోమీటర్లని కూడా లెక్కలో వేసుకోవాలి. 40 అడుగుల ట్రెయిలర్ బేగంబజార్ సందుల్లోకి రాదు, పగటిపూట నగరంలో భారీ వాహనాలకి ఆంక్షలున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల, కాటేదాన్ వైపో మేడ్చల్ వైపో గోడౌన్ ఉంటే సరే. లేకపోతే ఐసీడీలోనే దింపించి డీసీఎంలలో తెచ్చుకోవడం నయం. ట్రెయిలర్ సందు మొదట్లో రాత్రంతా నిలబడితే హాల్టింగ్ ఛార్జీ వాళ్లకి, నిద్రలేమి మనకి.

ఆరో మెట్టు: కొటేషన్ అడిగే తీరు

ముగ్గురు ఫార్వర్డర్లకి ఒకే మెయిల్ పంపండి. సరుకు పేరు, హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో ఆ సరుకు రకానికి ఉండే నంబర్), కార్టన్ల సంఖ్య, కొలతలు, బరువు, సప్లయర్ ఊరు, ఎఫ్‌ఓబీ పోర్టు, సరుకు రెడీ అయ్యే తేదీ, ఇక్కడ కావాల్సిన చోటు అన్నీ అందులో ఉండాలి. వాట్సాప్‌లో "గ్వాంగ్‌జౌ నుంచి హైదరాబాద్ రేటెంత" అని అడిగితే, కావాలనే సగం గళ్లు ఖాళీ వదిలిన రేటే వస్తుంది.

జవాబు వచ్చాక ఇవి అడగండి. రేటు ఏ తేదీ దాకా చెల్లుతుంది? సర్‌ఛార్జీలు కలిపారా? డాలర్‌ని రూపాయల్లోకి ఏ మారకం రేటుతో మారుస్తారు? చాలామంది బ్యాంకు రేటు మీద రూపాయో రెండో కలిపి బిల్లు వేస్తారు, కొటేషన్‌లో అది కనిపించదు. ఓడ నేరుగా వస్తుందా, కొలంబోలోనో సింగపూర్‌లోనో సరుకు మారుతుందా? అన్నిటికంటే ముఖ్యంగా, కంటైనర్ మన దగ్గర ఎన్ని రోజులు ఉచితం, ఆ రోజులు పోర్టులో దిగినప్పటి నుంచా, ఐసీడీకి చేరినప్పటి నుంచా? రైలు ప్రయాణం మధ్యలోనే ఉచిత రోజులన్నీ అయిపోయే పద్ధతైతే 14 రోజులు ఇచ్చినా లాభం లేదు. బుకింగ్ చేసేటప్పుడు 21 రోజులు అడిగితే ఇచ్చే షిప్పింగ్ లైన్లున్నాయి. సరుకు దిగాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఏడో మెట్టు: తేదీలు

చైనా నూతన సంవత్సరం జనవరి చివరికీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్య వస్తుంది. దానికి ముందు మూడు నాలుగు వారాలు ఫ్యాక్టరీలన్నీ ఒకేసారి సరుకు తోస్తాయి, రేట్లు పెరుగుతాయి, ఓడలో చోటు దొరకదు. అక్టోబర్ 1 నుంచి వచ్చే వారం సెలవుల ముందూ ఇదే కథ. లైన్లు రేటు పెంచేది సాధారణంగా నెలలో 1న, 15న. అందుకని 28న రెడీ అయ్యే సరుకుని ఆ నెలలోనే ఎక్కించగలిగితే ఎక్కించండి.

దసరా, దీపావళి సరుకుని జులై, ఆగస్టుల్లో ఎక్కించాలనుకునేవాళ్లు ప్రపంచమంతా క్రిస్మస్ కోసం కంటైనర్లు పట్టే సీజన్‌లో ఇరుక్కుంటారు. జూన్ చివరికే ఓడ ఎక్కితే గోడౌన్ అద్దె రెండు నెలలు ఎక్కువైనా ఫ్రైట్‌లో మిగులుతుంది. యూరప్ నుంచి తెప్పించేవాళ్లకి వేరే సంగతి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా లైన్లు ఆఫ్రికా చుట్టూ తిప్పి తెచ్చాయి. ఓడ ఏ దారిన వస్తుందో అడిగాకే తేదీ లెక్కించండి.

ఎనిమిదో మెట్టు: కాగితాలు ముందు, ఓడ తర్వాత

పోర్టు లేదా సీఎఫ్‌ఎస్ అద్దె ఒకటి, కంటైనర్ ఆలస్యానికి లైన్ వేసే డిటెన్షన్ ఇంకొకటి. ఈ రెండూ ఒకేసారి పరిగెడతాయి, వారం దాటితే రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. బేరమాడి మిగిల్చిన ఫ్రైట్ మొత్తం ఇక్కడ నాలుగు రోజుల్లో పోతుంది.

బిల్ ఆఫ్ ఎంట్రీని (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రాన్ని) ఓడ రాకకి 30 రోజుల ముందు నుంచే వేయవచ్చు. గడువు దాటితే మొదటి మూడు రోజులు రోజుకి 5,000 రూపాయలు, తర్వాత రోజుకి 10,000 ఆలస్య రుసుం పడుతుంది. డ్యూటీ కట్టమని వచ్చాక మరుసటి పనిదినం దాటితే ఏడాదికి 15 శాతం లెక్కన వడ్డీ. ఈ లోపు డబ్బు సిద్ధంగా ఉండాలి. చేబదులు కోసం తిరిగే రెండు రోజులకి కంటైనర్ అద్దె కూడా తోడవుతుంది.

ఓడ ఎక్కకముందే డ్రాఫ్ట్ బిల్ ఆఫ్ లేడింగ్ తెప్పించి అక్షరం అక్షరం చూడండి. కంపెనీ పేరు, ఐఈసీ (దిగుమతిదారు కోడ్), జీఎస్‌టీ నంబర్, కార్టన్ల సంఖ్య, బరువు ఇన్‌వాయిస్‌తోనూ ప్యాకింగ్ లిస్టుతోనూ కలవాలి. తర్వాత సవరించాలంటే ఫీజు, రోజులు రెండూ పోతాయి. సప్లయర్‌కి డబ్బు పూర్తిగా వెళ్లాక ఒరిజినల్ కాగితాల కోసం కొరియర్ ఎదురుచూడకుండా టెలెక్స్ రిలీజ్ (ఒరిజినల్ లేకుండానే సరుకు ఇచ్చేయమని ఓడ కంపెనీ పంపే సందేశం) చేయించండి. ఐఈసీ వివరాలు ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) సైట్‌లో ధ్రువీకరించాలి. అది మరిచిపోతే ఐఈసీ నిలిచిపోతుంది, కంటైనర్ వచ్చాక ఆ సంగతి బయటపడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సరుకుకి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) సర్టిఫికెట్ అవసరమా అన్నది అడ్వాన్స్‌కి ముందే చూడాలి. బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. చాలా ఎలక్ట్రానిక్ వస్తువులకీ ఉంది. బీఐఎస్ లేని సరుకు పోర్టుకి వచ్చాక దానికి ఫ్రైట్ ఎంతైందన్న చర్చే అనవసరం.

తొమ్మిదో మెట్టు: డ్యూటీలో దాక్కున్న ఫ్రైట్

కస్టమ్స్ డ్యూటీని సీఐఎఫ్ విలువ మీద లెక్కేస్తారు. అంటే ఫ్రైట్ మీద కూడా డ్యూటీ పడుతుంది. ఫ్రైట్ లక్ష రూపాయలు, బేసిక్ డ్యూటీ 10 శాతం అనుకుందాం. బేసిక్ డ్యూటీ 10,000, ఆ డ్యూటీ మీద సర్‌ఛార్జి 1,000, అన్నీ కలిపిన లక్షా పదకొండు వేల మీద 18 శాతం ఐజీఎస్‌టీ (దిగుమతి మీద పడే జీఎస్‌టీ) 19,980. జీఎస్‌టీ క్రెడిట్ తిరిగొచ్చినా 11,000 తిరిగి రాదు.

2007 నాటి కస్టమ్స్ వాల్యుయేషన్ నిబంధనల ప్రకారం, అసలు ఫ్రైట్ ఎంతో చూపించలేకపోతే ఎఫ్‌ఓబీ విలువలో 20 శాతాన్ని ఫ్రైట్‌గా, 1.125 శాతాన్ని ఇన్సూరెన్స్‌గా లెక్కేస్తారు. పది లక్షల సరుకుకి నిజంగా 60,000 ఫ్రైట్ కట్టి, సర్టిఫికెట్ లేక రెండు లక్షలుగా లెక్కేయించుకుంటే, పై డ్యూటీ రేటు ప్రకారం 15,400 అదనం. ఫార్వర్డర్ దగ్గర ఫ్రైట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుని సీహెచ్‌ఏకి ముందే ఇవ్వండి. అసలు ప్రీమియం మామూలుగా ఆ 1.125 శాతం కంటే తక్కువే ఉంటుంది.

సీఐఎఫ్ మీద తెప్పించేవాళ్లు సముద్ర ఫ్రైట్‌కి మళ్లీ రివర్స్ ఛార్జి (పన్నుని దిగుమతిదారే కట్టే పద్ధతి) కింద ఐజీఎస్‌టీ కట్టనక్కర్లేదని 2022 మే 19న మోహిత్ మినరల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత అలవాటుతో మీ లెక్కల్లో అది ఇంకా నడుస్తోందేమో అకౌంటెంట్‌ని అడగండి.

పదో మెట్టు: విమానం

శంషాబాద్‌లో దిగే సరుకుకి పోర్టు బాధలు లేవు, రేటు మాత్రం భారీ. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తే వచ్చేదీ అసలు బరువూ చూసి, ఎక్కువ ఉన్నదానికి డబ్బు వేస్తారు. కొరియర్ కంపెనీలు 5,000తో భాగిస్తాయి. మనం ఇందాక చూసిన 60, 40, 40 పెట్టె 9 కిలోలే తూగినా విమాన కార్గోలో 16 కిలోలు, కొరియర్‌లో 19.2 కిలోలు. పెద్దగా, తేలిగ్గా ఉండే సరుకుని కొరియర్‌లో వేయకండి.

ఒక చిన్న ఊరట ఉంది. కస్టమ్స్ విలువలో కలిపే విమాన ఫ్రైట్ ఎఫ్‌ఓబీలో 20 శాతం మించకూడదు. రెండు లక్షల సరుకుకి 90,000 ఫ్రైట్ కట్టినా లెక్కలోకి వచ్చేది 40,000. ఆర్డర్ మొత్తం విమానంలో తేవడం కంటే, షాపులో ఖాళీ కాకుండా పదో వంతు విమానంలో, మిగతాది ఓడలో తెప్పించడం చాలామందికి కుదిరే పద్ధతి.

డోర్ టు డోర్ అనే ఆశ

కిలోకి ఇంత, డ్యూటీ మాదే, గుమ్మం దగ్గర దింపుతాం అనే ఏజెంట్లు హైదరాబాద్‌లో కొల్లలు. ఆ రేటు ఎలా గిట్టుబాటు అవుతుందో ఆలోచించండి. సరుకు ఎవరి ఐఈసీ మీద వచ్చిందో మీకు తెలియదు, బిల్ ఆఫ్ ఎంట్రీ మీ పేరు మీద ఉండదు. ఐజీఎస్‌టీ క్రెడిట్ రాదు. విలువ తక్కువ చూపించి తెచ్చిన సరుకు పట్టుబడితే గోడౌన్‌లో ఉన్నది మీ సరుకే. మీ పేరు మీద బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ ఇస్తారా అని ఒక్క ప్రశ్న అడగండి. ఇవ్వం అంటే అక్కడితో ఆపేయండి.

సరుకు వచ్చాక

కంటైనర్ ఖాళీ చేసేటప్పుడు లోపలా బయటా ఫోటోలు తీయండి, తర్వాత డ్యామేజీ పేరుతో బిల్లు వస్తే చూపించడానికి. ఖాళీ కంటైనర్ అప్పగించిన రసీదు దాచండి, డిపాజిట్ కట్టి ఉంటే అదే వారంలో వాపసు అడగండి. ఫార్వర్డర్ తుది బిల్లుని కొటేషన్ పక్కన పెట్టి గడి గడికీ పోల్చండి. కొటేషన్‌లో లేని ఛార్జీ కనిపిస్తే దానికి ఆధారంగా లైన్ బిల్లో సీఎఫ్‌ఎస్ రసీదో అడగండి. ఇవ్వలేకపోతే క్రెడిట్ నోట్ వచ్చేదాకా ఆ మొత్తం ఆపండి. బిల్లుల మీద మీ జీఎస్‌టీ నంబర్ సరిగ్గా ఉందో లేదో అప్పుడే చూసుకోండి, మూడు నెలల తర్వాత దిద్దించడం తలనొప్పి. ఆ తుది అంకెల్ని మొదట గీసుకున్న గళ్లలో రాసి, మొత్తాన్ని పీసుల సంఖ్యతో భాగించండి. వచ్చే ఆర్డర్‌కి సప్లయర్‌తో ధర మాట్లాడేటప్పుడు ఆ అంకె పక్కన ఉంచుకోండి.